పేపర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా వెళ్లాలంటే భయం

ప్రశ్న: తొమ్మిదేళ్లుగా టెక్సాస్‌లో హెచ్-1బి మీద పనిచేస్తున్నాను. ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయ్యి చాలా కాలమైంది, గ్రీన్ కార్డు ఎప్పటికొస్తుందో తెలీదు. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు ముగిసి రెండేళ్లయింది. వచ్చే నెల నాన్నగారికి బైపాస్ ఆపరేషన్. అమ్మ "నువ్వు రాకపోయినా పర్లేదులే" అంటోంది. ఆ మాటకే ఎక్కువ బాధేస్తోంది. స్టాంపింగ్‌కి, అంటే కాన్సులేట్‌లో కొత్త వీసా వేయించుకోవడానికి, ఇండియా వెళ్లిన ఫ్రెండు ఒకడు అపాయింట్‌మెంట్ నెలల తరబడి వెనక్కి జరిగి అక్కడే ఇరుక్కుపోయాడు. నా భార్య హెచ్-4 (డిపెండెంట్ వీసా) మీద ఉద్యోగం చేస్తోంది. నా పాత పోస్టులు చూసి భయపడి ఫేస్‌బుక్ తీసెయ్యమంటోంది, సగం తీసేశాను కూడా. ఇక్కడే పుట్టిన మా ఏడేళ్ల పాప, నేను పాల కోసం షాపుకి బయల్దేరినా "నాన్నా, ఆ కాగితం పెట్టుకున్నావా?" అని అడుగుతోంది. ఇదంతా ఎందుకంటే నేషనల్ సెక్యూరిటీ అంటున్నారు. మేం గోడ దూకి రాలేదు, ట్యాక్సులు కడుతున్నాం. మమ్మల్నీ, దొంగదారిన వచ్చినవాళ్లనీ ఒకే కళ్లతో చూడటం ఏం న్యాయం? నేను వెళ్లాలా, ఆగాలా?

— పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: వెళ్లండి. కాకపోతే మూడు వారాల సెలవు అనుకుని వెళ్లకండి. ఐదారు నెలలు తిరిగి రాలేకపోయినా మీ ఉద్యోగం, అక్కడి ఇల్లు నిలబడేలా చూసుకుని వెళ్లండి. ఆ ఏర్పాటు కుదరదని తేలితే అప్పుడు ఆగడం గురించి ఆలోచించండి. కంపెనీతో ఏం మాట్లాడాలో కిందికొచ్చాక చెబుతాను. ముందు మీ మనసులో నలుగుతున్నదాని సంగతి చూద్దాం.

మీరు రాయకపోయినా ఉత్తరమంతా ఒక ప్రశ్న వినపడుతోంది: నేనేం తప్పు చేశాను? ఏమీ చేయలేదు. అసలు ఆ ప్రశ్న అక్కడ ఎవరూ అడగరు. భద్రత పేరుతో పెట్టే రూల్ ఏదైనా మనుషుల్ని గుంపులుగానే చూస్తుంది. ఏ దేశం, ఏ వీసా, ఏ చదువు, ఏ వయసు, అంతే. మీ పన్ను రసీదులు ఆ లెక్కలోకి రావు.

పేపర్లు సరిగ్గా ఉంటే చాలని మీలాగే నమ్మినవాడొకడున్నాడు. పేరు చే చాన్ పింగ్, చైనా కార్మికుడు. 1875 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్నాడు. 1887లో ఇంటికి వెళ్తూ, అప్పటి చట్టం చెప్పినట్టే, తిరిగి రావడానికి పనికొచ్చే సర్టిఫికెట్ ప్రభుత్వం దగ్గర తీసుకున్నాడు. తిరుగు ప్రయాణంలో 1888 సెప్టెంబరులో హాంకాంగ్‌లో ఓడ ఎక్కాడు. ఆయన నడిసముద్రంలో ఉండగా అక్టోబరు 1న స్కాట్ చట్టం వచ్చింది. అలాంటి సర్టిఫికెట్లన్నీ ఆ రోజుతో చెల్లకుండా పోయాయి. సుమారు 20 వేల మంది చేతుల్లో ఉన్న కాగితాలు అవి. ఆయన ఓడ అక్టోబరు 8న రేవుకి చేరింది, దిగనివ్వలేదు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1889లో ఓడిపోయాడు. తీర్పు రాసిన జస్టిస్ స్టీఫెన్ ఫీల్డ్ దాన్ని దేశరక్షణ విషయంగానే చూశారు. దురాక్రమణ సైన్యం రూపంలోనే రానక్కర్లేదు, గుంపులుగా వచ్చిపడే జనం రూపంలోనూ రావచ్చు, ఆ ముప్పు ఉందో లేదో తేల్చాల్సింది ప్రభుత్వమే గానీ కోర్టులు కాదు అని ఆయన వాదన. అప్పుడు చైనాతో యుద్ధమా అంటే అదీ లేదు.

ఆ తీర్పును ఈనాటికీ ఎవరూ కొట్టేయలేదు. వీసా వ్యవహారాల్లో అమెరికా కోర్టులు ప్రభుత్వానికి అంత చనువు ఎందుకిస్తాయో తెలియాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

తర్వాత కథ కూడా ఇంచుమించు ఇదే. భయం ఒకచోట పుడుతుంది, చట్టం ఇంకొకరి మీద పడుతుంది. 1901లో అధ్యక్షుడు మెకిన్లీని కాల్చి చంపినవాడు మిషిగన్‌లోనే పుట్టినవాడు. దాని ఫలితంగా 1903లో వచ్చిన చట్టం బయటి దేశాల నుంచి వచ్చే అరాచకవాదుల్ని ఆపింది. 1917లో ఆసియాలో చాలా భాగానికి, మన దేశంతో సహా, తలుపులు మూసేశారు. ఆ రోజుల్లోనే శాన్‌ఫ్రాన్సిస్కోలో, బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటుకి ప్రవాస భారతీయులు పెట్టుకున్న గదర్ పార్టీ మీద బ్రిటిష్ వాళ్ల నిఘా, కుట్ర కేసు నడిచాయి. కాలిఫోర్నియాకి చదువుకోవడానికి వెళ్లి అందులో చేరిన మన దరిశి చెంచయ్య లాంటివాళ్లు ఆ లెక్కన దేశభద్రతకు ముప్పే మరి! 1942లో జపాన్ మూలాలున్న సుమారు 1,20,000 మందిని శిబిరాల్లో పెట్టారు. వాళ్లలో మూడింట రెండొంతుల మంది అమెరికా పౌరులు. 1988లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్నవాళ్లకు తలా 20,000 డాలర్లు ఇచ్చింది.

భయమంతా కల్పితమని నేననను. 2001 సెప్టెంబరు 11న దాదాపు మూడు వేల మంది చనిపోయారు. విమానాలు హైజాక్ చేసిన 19 మందీ వీసాలతోనే వచ్చారు, ఎక్కువ మంది విజిటర్ వీసాల మీద, ఒకడు స్టూడెంట్ వీసా మీద. కానీ అక్కడ జరిగిన అసలు పొరపాటు చూడండి. వాళ్లలో ఇద్దరి గురించి సీఐఏకి ముందే తెలుసు. ఆ పేర్లు వాచ్‌లిస్టుకి చేరేసరికి ఆగస్టు నెలాఖరైంది. అప్పటికే వాళ్లు అమెరికాలో ఉన్నారు. అంటే తెలిసిన ఇద్దరి సమాచారం ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి టైముకి చేరలేదు. దానికి 2002లో కనిపెట్టిన మందు ఏమిటంటే, 25 దేశాల నుంచి తాత్కాలిక వీసాల మీద వచ్చిన మగవాళ్లను, పదహారేళ్లు నిండినవాళ్లందర్నీ, ఆఫీసులకు పిలిపించి వేలిముద్రలు తీసుకోవడం. ఆ దేశాల్లో ఉత్తర కొరియా తప్ప మిగతావి దాదాపు అన్నీ ముస్లింలు ఎక్కువగా ఉండే దేశాలే. దేశం లోపల 80 వేలకు పైగా మంది వాళ్లంతట వాళ్లే వెళ్లి పేరు రాయించుకున్నారు. 13 వేల మందికి పైగా డిపోర్టేషన్ కేసుల్లో పడ్డారు. టెర్రరిజం కింద శిక్ష పడినవాడు ఒక్కడూ లేడు. ఆ తతంగాన్ని 2011లో ఆపేశారు, రూల్‌ని పూర్తిగా తీసేసింది 2016 చివర్లో.

ఇప్పుడు మీ సంగతి. ఈ చరిత్రంతా మీ ఫైల్లోనే ఉంది. ఇమిగ్రేషన్ శాఖ ఒకప్పుడు కార్మిక శాఖ కింద ఉండేది. 1940లో యుద్ధభయంతో న్యాయశాఖకి మారింది, 2003లో హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ కిందికి వచ్చింది. మీ ఎక్స్‌టెన్షన్ చూసేదీ, విమానాశ్రయంలో స్టాంపు వేసేదీ, అరెస్టులు చేసేదీ ఆ ఒక్క శాఖలోని మూడు విభాగాలు. మీ హెచ్-1బి పిటిషన్ కాపీ ఉంటే ఐ-129 ఫారం ఆరో భాగం తెరిచి చూడండి. మీకు తాము చూపించబోయే టెక్నాలజీకి ఎగుమతి లైసెన్సు అవసరమా కాదా అని మీ కంపెనీ అక్కడ సంతకం పెట్టి చెప్పింది. మీరు సీట్లోంచి కదలకపోయినా, మీకు ఆ టెక్నాలజీ చూపించడమంటే దాన్ని మీ దేశానికి ఎగుమతి చేసినట్టే లెక్క. చాలామంది ఆ పేజీ చూడకుండానే పదేళ్లు గడిపేస్తారు.

లక్ష డాలర్ల ఫీజు కూడా ఈ కోవలోదే. ఎవరైనా రావడం దేశ ప్రయోజనాలకు హాని అని అధ్యక్షుడు తేలిస్తే వాళ్లను ఆపొచ్చని 1952 చట్టంలో 212(ఎఫ్) అనే సెక్షన్ ఉంది, ప్రచ్ఛన్న యుద్ధం రోజుల్లో రాసింది. 2017 నాటి ట్రావెల్ బ్యాన్‌కి ఆధారం అదే. 2018లో సుప్రీంకోర్టు 5–4 తేడాతో దాన్ని సమర్థించింది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి పిటిషన్ల మీద లక్ష డాలర్ల ఫీజు పెట్టిందీ ఆ సెక్షన్ కిందే. హెచ్-1బి దుర్వినియోగం నేషనల్ సెక్యూరిటీకి ముప్పు అని ఆ ప్రకటనలో రాశారు. అమెరికన్ పిల్లలు సైన్సు, టెక్నాలజీ చదువులకు దూరమైపోతారని అందులో కారణం. జీతాల తగువు ఒకటి భద్రత అనే మాట తగిలించుకోగానే కోర్టులో ఎంత బలపడుతుందో చూశారు కదా.

ఈ ఫీజు సంగతే మీకు అన్నిటికంటే ముఖ్యం, జాగ్రత్తగా చదవండి. ఇప్పుడు మీకున్న అప్రూవ్డ్ పిటిషన్ మీద స్టాంపింగ్‌కి వెళ్తే ఆ ఫీజు పడదు. కానీ మీరు ఇండియాలో చిక్కుకున్న టైములో కంపెనీ మిమ్మల్ని తీసేసిందనుకోండి. బయటి దేశంలో ఉన్న మీ కోసం కొత్త కంపెనీ పిటిషన్ వేయాలంటే, ఆ ప్రకటన అమల్లో ఉన్నంతకాలం, లక్ష డాలర్లు మీద పడొచ్చు. మిమ్మల్ని ఎవరో టెర్రరిస్టు అనుకుంటారన్నది కాదు మీ రిస్కు. ఆలస్యం, ఆ ఆలస్యంలో ఉద్యోగం పోవడం, అదీ రిస్కు. ఒక ఊరట ఏంటంటే, ఐ-140 అప్రూవ్ అయ్యి 180 రోజులు దాటితే కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా మీ ప్రయారిటీ డేట్ (గ్రీన్ కార్డు వరసలో మీ స్థానం) ఎక్కడికీ పోదు.

అందుకని టికెట్ కొనేముందు మేనేజర్‌తో మాట్లాడండి. మాటలతో సరిపెట్టుకోకుండా హెచ్‌ఆర్ నుంచి ఈమెయిల్ తీసుకోండి: తిరిగి రావడం ఆలస్యమైతే ఇండియా నుంచి పని చేయనిస్తారా, లేదంటే జీతం లేని సెలవు ఎన్ని నెలలిస్తారు. ఇండియా నుంచి పని అంటే ట్యాక్స్ చిక్కులుంటాయి, పైన చెప్పిన ఎగుమతి రూల్స్ వల్ల కొన్ని ప్రాజెక్టులకు అసలు ఒప్పుకోరు. ల్యాప్‌టాప్ సంచీలో వేసుకుని చెప్పకుండా వెళ్లిపోయి అక్కడి నుంచి లాగిన్ అయ్యే పని మాత్రం చేయకండి. ఆ ఒక్క కారణానికి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లున్నారు.

ఇంటర్వ్యూ స్లాట్ ముందే బుక్ చేసుకోండి, కానీ ఆ తేదీ మీద భరోసా పెట్టుకోకండి. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 వాళ్ల సోషల్ మీడియా కూడా చూస్తామనడంతో రోజుకి పిలిచే వాళ్ల సంఖ్య తగ్గింది, మీ ఫ్రెండు ఇరుక్కున్నది బహుశా అందులోనే. ఎమర్జెన్సీ అపాయింట్‌మెంట్ అనేది ప్రధానంగా అమెరికాకి అర్జెంటుగా వెళ్లాల్సినవాళ్ల కోసం. నాన్నగారి ఆపరేషన్ కాగితం దానికి పనికొస్తుందని లెక్క వేసుకోవద్దు. కెనడా, మెక్సికోల్లో స్టాంపింగ్ చేయించుకునే పాత దారి కూడా దాదాపు మూసుకుపోయింది, సొంత దేశంలోనో నివసించే దేశంలోనో అప్లై చేయమని 2025 సెప్టెంబరు నుంచి చెబుతున్నారు.

ఇంటర్వ్యూ అయ్యాక 221(జి) స్లిప్పు చేతిలో పెడితే కంగారు పడకండి. ఆన్‌లైన్‌లో స్టేటస్ "రెఫ్యూజ్డ్" అని చూపిస్తుంది. అర్ధరాత్రి ఫోన్లో ఆ మాట చూసి ఏడ్చినవాళ్లు ఎందరో. తనిఖీ నడుస్తోందని దానర్థం, చాలా కేసుల్లో తర్వాత వీసా వస్తుంది. కాకపోతే ఆ తనిఖీ ఎందుకో చెప్పరు, ఎప్పటికి అవుతుందో చెప్పరు. మళ్లీ ఎప్పుడైనా డీఎస్-160 (వీసా దరఖాస్తు ఫారం)లో "మీకు గతంలో వీసా నిరాకరించారా" అని అడిగితే మాత్రం అవునని రాసి కారణం ఇవ్వండి.

ఫేస్‌బుక్ విషయం. ఇక తీసెయ్యడం ఆపండి. 2019 మే నెలాఖరు నుంచి డీఎస్-160 గత ఐదేళ్లలో వాడిన అకౌంట్ల పేర్లు అడుగుతోంది. ఇప్పుడు వాడుతున్నవి మాత్రమే కాదు, ఐదేళ్లలో వాడినవన్నీ. అంటే మీరు తీసేసిన అకౌంట్ పేరు కూడా ఫారంలో ఉండాల్సిందే. అది దాచిపెట్టారని తేలితే తెలిసి తెలిసి అబద్ధం చెప్పినట్టు అవుతుంది. ఆ మచ్చ పడితే జీవితాంతం వీసా రాకుండా పోయే ప్రమాదముంది. ఆరేళ్ల కిందటి పోస్టు కంటే అదే పెద్ద ప్రమాదం.

"2002లో నిజాయితీగా వెళ్లి పేరు రాయించుకున్నవాళ్లే కదా ఇరుక్కుంది, మళ్లీ నిజాయితీ అంటారేంటి" అని మీరు నన్ను అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. నిజం చెప్పినవాడికి ఏమీ కాదని నేను హామీ ఇవ్వలేను. 2025 మార్చిలో ఒక రీసెర్చ్ విద్యార్థిని వీసా రద్దుచేసి వీధిలోనే అరెస్టు చేశారు. ప్రభుత్వం బయటికి చూపించిన ఆధారం అంతకుముందు ఏడాది క్యాంపస్ పత్రికలో ఆమె ఇంకొందరితో కలిసి రాసిన వ్యాసమే. ఆరు వారాల తర్వాత ఫెడరల్ జడ్జి విడుదల చేయించారు. అలా బయటపడటానికి కారణం, ఆమె మీద చూపించడానికి వేరే తప్పేదీ లేకపోవడం. అబద్ధం చెప్పినవాడికి ఆ దారి కూడా ఉండదు. మీ పోస్టులు ఎవరినైనా బెదిరించేవో, హింసను పొగిడేవో అయితే లాయర్‌కి చూపించండి. ప్రభుత్వాన్ని తిట్టుకున్నవే అయితే అలాగే ఉండనివ్వండి.

పాప అడిగే కాగితం గురించి. ఏడేళ్ల పిల్లకి అంత భయం ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఇంట్లో పెద్దవాళ్ల మాటల్లోంచే. రిజిస్ట్రేషన్ రూల్ 1940 యుద్ధకాలం నాటిది, పద్దెనిమిది నిండిన విదేశీయులు రుజువు వెంట ఉంచుకోవాలన్నది 1952 చట్టంలోది. ఎన్నో ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు, 2025 ఏప్రిల్ నుంచి గట్టిగా అమలు చేస్తామంటున్నారు. మీ విషయంలో ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి రికార్డు) ప్రింటు ఒకటి పర్సులో ఉంటే చాలు. ఇల్లు మారితే పది రోజుల్లోపు ఏఆర్-11 (అడ్రసు మార్పు ఫారం) వేయాలి, చాలామంది మర్చిపోయేది ఇదే. పాపకి పర్సు తెరిచి ఒకసారి చూపించండి, అది ఎప్పుడూ అక్కడే ఉంటుందని, చూసుకోవడం నాన్న పని అని చెప్పండి. తను పౌరురాలని, తనకి అలాంటి కాగితం అక్కర్లేదని కూడా చెప్పండి. ఆ పిల్ల ఇంటికి సెక్యూరిటీ గార్డు డ్యూటీ చేయనక్కర్లేదు. మీరు ఊరెళ్తున్న విషయం కూడా ముందే చెప్పండి, ఆలస్యం కావచ్చనీ చెప్పండి. పదిహేను రోజుల్లో వచ్చేస్తానని మాటిచ్చి ఆరు నెలలు రాకపోతే ఆ పాప ఊహించుకునేది మనం ఊహించలేం.

భార్యనీ పాపనీ అక్కడే ఉంచి మీరొక్కరే వెళ్లండి. ముగ్గురూ చిక్కుకుంటే పాప స్కూలు, ఇంటి అద్దె, ఆవిడ ఉద్యోగం అన్నీ ఒకేసారి పోతాయి. ఆవిడ హెచ్-4 మీ హెచ్-1బి మీద ఆధారపడింది, అందుకే మళ్లీ మళ్లీ మీ ఉద్యోగం దగ్గరికే వస్తున్నాను.

ఇక "ఒకే కళ్లతో చూడటం" అన్న మాట. మీ కోపం అర్థమైంది, ఆ వాదనతో మాత్రం నేను ఏకీభవించను. చే చాన్ పింగ్ కూడా గోడ దూకలేదు. 2002లో వరసలో నిలబడ్డవాళ్లూ దూకలేదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఓలేతాలో ఒక బార్‌లో మన తెలుగు ఇంజనీర్‌ని కాల్చి చంపినవాడు వాళ్ల వీసాల గురించి నిలదీశాడు, ఇరాన్ వాళ్లనుకున్నానని తర్వాత చెప్పాడు. ఆ పూట హెచ్-1బి అప్రూవల్ నోటీసు జేబులో ఉన్నా ఏం లాభం? పైగా కాగితాల్లేనివాళ్లంటే గోడ దూకినవాళ్లే కాదు. వీసా మీద దర్జాగా విమానం దిగి గడువు దాటినవాళ్లు చాలామంది, అందులో మనవాళ్లూ తక్కువేం లేరు. "వాళ్లని పట్టుకోండి, మమ్మల్ని వదిలేయండి" అని మనం అన్న ప్రతిసారీ, గుంపుని బట్టి అనుమానించడం తప్పు కాదని మనమే ఒప్పుకున్నట్టవుతుంది. ఆ తర్వాత గుంపు పేరు మార్చడం ఎంతసేపు! 2025 డిసెంబరు దాకా సోషల్ మీడియా తనిఖీ విద్యార్థులకే కదా అనుకున్న హెచ్-1బి వాళ్లని నేను చూశాను.

ఒక్క హెచ్చరిక. తొమ్మిదేళ్లలో ఎప్పుడైనా అరెస్టయి ఉంటే, డ్రంకెన్ డ్రైవింగ్ కేసు అయినా సరే, కోర్టు కొట్టేసిందైనా సరే, లాయర్‌ని కలవకుండా బయల్దేరకండి. స్టాంపింగ్‌లో అలాంటివి తప్పకుండా పైకొస్తాయి. అలాంటిదేమీ లేకపోతే కూడా ఒక గంట ఫీజు కట్టి ఇమిగ్రేషన్ లాయర్‌తో కూర్చోండి, కంపెనీ లాయర్‌తో కాదు, ఆయన క్లయింటు ముఖ్యంగా కంపెనీ. లక్ష డాలర్ల విషయం మీ పిటిషన్ తేదీలతో సహా ఆయన్ని అడగండి. ఆలస్యం ఆరు నెలలు దాటితే ఫెడరల్ కోర్టులో మాండమస్ కేసు (నిర్ణయం తేల్చమని ప్రభుత్వాన్ని ఆదేశించమనే కేసు) వేయడానికి మీకు వీలవుతుందా, ఎంత ఖర్చవుతుందో కూడా అప్పుడే కనుక్కోండి. హెచ్‌ఆర్ ఈమెయిల్ వచ్చిన రోజే టికెట్ కొనండి, ఆపరేషన్‌కి ముందు రెండు రోజులైనా నాన్నగారి దగ్గర ఉండేలా.